నలభై నాలుగు మొటిమలు

ట్రైనర్ బోర్లా పడి ఉన్నాడు.

టైము అయిదూ యాభై. మూడో అంతస్తులో జిమ్ము, దాని వెనక స్టోర్‌రూము. ముందుగా చూసింది ఊడ్చే మనిషి. చీపురు అక్కడే పారేసి మూడంతస్తులూ మెట్ల మీదుగా దిగింది. పక్కనే లిఫ్టు ఉందన్న సంగతి పాపం ఆమెకు గుర్తే రాలేదు.

ఆరూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి. భార్య ఆస్పత్రిలో నర్సు. ఆవిడది తెల్లవారుజాము డ్యూటీ. అంచేత ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పొద్దుటి పొయ్యి ఆయనదే. స్టేషన్లో వెనకాల 'వంటింటి ఇన్‌స్పెక్టర్' అని నవ్వుకుంటారు. ఆయనకూ తెలుసు. నవ్వితే వాళ్ళ పళ్ళే కనిపిస్తాయి, నా సొమ్మేం పోయింది అనుకునే రకం.

తల వెనక దెబ్బ. ఒకటే. పక్కన పది కిలోల డంబెల్. పట్టుకునే చోట శుభ్రంగా తుడిచేసి ఉంది.

"ఎప్పుడు పోయుంటాడు?"

"ఒళ్ళింకా వెచ్చగానే ఉంది సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "అయిదుకి తలుపు తీస్తాడట. అంటే అయిదుకీ అయిదూ యాభైకీ మధ్య."

"కెమెరా?"

"ఉంది సార్. దిష్టిబొమ్మలా ఉంది. వైరు లేదు."

గదిలో అట్టపెట్టెలు. ప్రోటీన్ డబ్బాలు. ప్రతి డబ్బా మీదా కండలు తిరిగిన మనిషి బొమ్మ. మూలన ఒక గోనెసంచి. అందులో పేరూ ఊరూ లేని తెల్లపొడి. పక్కన తూకం మిషను, ప్లాస్టిక్ కవర్లు.

ఇన్‌స్పెక్టర్ రెండు పొడుల్లోంచీ శాంపిల్ తీయించాడు. లేబ్‌కి ఒక భాగం, స్టేషన్లో ఒక భాగం.

అప్పుడు కనబడింది నోట్‌బుక్. ట్రైనర్ మోచేతి కింద. బడిపిల్లలు రాసుకునే రూళ్ళ పుస్తకం. ప్రతి పేజీలో తేదీ, టైము, తిన్నది, తాగింది, ఒంటి మీద మొటిమల లెక్క. ఆఖరి పేజీలో నిన్నటి తేదీ. కింద ఒకే ఒక్క లైను:

'మాస్క్ టెస్ట్ ఫెయిల్. మొత్తం 44.'

"ఇది దానిమ్మగాడిది సార్," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ జిమ్ ఓనరు. స్లిప్పర్లతోనే పరిగెత్తుకొచ్చాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"దానిమ్మేంటి?"

"మొహం నిండా ఎర్రెర్రగా మొటిమలు సార్. మా ట్రైనర్ మాస్టరే పెట్టాడా పేరు. నిన్న సాయంత్రం ఆరున్నరకి ఆ కుర్రాడొచ్చి మాస్టర్ కాలర్ పట్టుకున్నాడు. 'నా మొహం తినేశావు కదరా' అన్నాడు. పదిమందిమి చూశాం."

హెడ్ కానిస్టేబుల్ నోట్‌బుక్ మూసి చంకలో పెట్టుకున్నాడు. "ఇంకేం సార్. గొడవ ఉంది, పుస్తకం ఉంది. కేసు పూర్తయిపోయినట్టే."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. "పుస్తకం ఇటివ్వు. చదవకుండానే పూర్తయితే ఎలా?"

* * *

ఏడూ నలభైకి కుర్రాణ్ణి ఇంటి దగ్గరే పట్టుకున్నారు. పారిపోలేదు. గుమ్మంలో కూర్చుని షూస్ విప్పుకుంటున్నాడు.

ఇరవై రెండేళ్ళు. మంచి పొడగరి. కళ్ళు చూస్తే తల్లి కొంగుచాటు పిల్లాడే. మొహం మాత్రం చూడలేం. దవడ పొడుగునా కాయల్లా వాపు. మెడ మీద, భుజాల మీద చొక్కా అంటుకుపోయి చిన్న చిన్న నెత్తుటి చుక్కలు.

"పొద్దున ఎక్కడున్నావ్?"

"రన్నింగ్ సార్. నాలుగూ యాభైకి బయల్దేరా."

"టెస్ట్ నిన్ననే పోయింది కదా. ఇంకా దేనికి రన్నింగ్?"

"ఇంట్లో ఏడిస్తే అమ్మ చూస్తుంది సార్."

"ఎవరైనా చూశారా నిన్ను?"

"ఎవరూ చూడని చోటుకే వెళ్ళా."

"ఏ టెస్టది?"

"ఫైర్ సర్వీస్ సార్. పరుగు పాసయ్యా. డెబ్భై కిలోల బొమ్మని మోసుకుని మెట్లెక్కడం పాసయ్యా. పొగలోకి వెళ్ళేటప్పుడు మొహానికి గాలి మాస్క్ పెడతారు. అది చర్మానికి అతుక్కోవాలి. నాకు దవడ దగ్గర ఈ కాయల వల్ల అతకదు. గాలి పోతుంది. లోపల పొగ వస్తే చచ్చిపోతానట. మొదటిసారి ఇలాగే పోతే ఆరు వారాలు టైమిచ్చారు. మొటిమలు మానితే రమ్మన్నారు. ఆ గడువు నిన్నటితో అయిపోయింది."

"అంతకు ముందు ట్రైనర్ అమ్మే ప్రోటీన్ పొడి తాగేవాడివా?"

"ఎనిమిది నెలలు. డబ్బా పొడి. డాక్టరమ్మ మానెయ్యమంది. పాలు మానెయ్యమంది, తీపి మానెయ్యమంది. అన్నీ మానేశా సార్. ఏం తిన్నా రాయమంది. మంచినీళ్ళు తాగినా రాశా."

"మరి మొటిమలెందుకు తగ్గలేదు?"

కుర్రాడు నేల చూశాడు. "అందరూ అదే అడుగుతారు. దొంగతనంగా తాగుతున్నావా అని. మాస్టర్ కూడా నవ్వాడు. అందుకే కాలర్ పట్టుకున్నా. చంపలేదు."

"నోట్‌బుక్ స్టోర్‌రూములోకి ఎలా వచ్చింది?"

"తెలీదు సార్. అది మా వంటింట్లో ఉంటుంది. ఉప్పు డబ్బా పక్కన."

హెడ్ కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. "కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా బాబూ?"

ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వలేదు.

* * *

ఇల్లు రెండు గదులు. కిటికీ పక్కన కుట్టు మిషను. చుట్టూ సగం కుట్టిన స్కూలు యూనిఫాములు గుట్టగా. తల్లి మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని లేచింది.

"నా పిల్లాడు చెయ్యలేదు బాబూ."

"అన్నీ మానేశానంటున్నాడు. మీరు నమ్మారా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"చిన్నప్పట్నుంచీ వాడు అబద్ధమాడి ఎరగడు. కానీ మొహం చూస్తుంటే ఎలా నమ్మను? పరుపు కింద వెతికాను. బ్యాగు వెతికాను. కన్నతల్లినై ఉండి, దొంగ సొత్తు వెతికినట్టు వెతికాను. ఏమీ దొరకలేదు. అయినా నమ్మలేదు నాయనా."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"పెద్దోడు. లిఫ్టు మెకానిక్కు. వాళ్ళ నాన్న పోయాక వీడికి తండ్రీ వాడే. మొన్నామధ్య నాలుగు రోజులు వేరే ఊళ్ళో లిఫ్టు బిగించడానికెళితే ఇల్లంతా బోసిపోయింది."

ఆ పెద్దోడు అప్పుడే లోపలికి వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. గోళ్ళ సందుల్లో గ్రీజు. భుజాన టూల్ బ్యాగు.

"పొద్దున ఎన్నింటికి బయల్దేరారు?"

"అయిదుకి సార్. ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయిందని కంప్లైంటు. వెళ్ళా."

"చేరింది?"

"ఆరవుతుంది."

"ఇక్కణ్ణుంచి ఆస్పత్రికి బండి మీద పావుగంట."

"పంక్చరయింది సార్."

"జిమ్ము ట్రైనర్ తెలుసా?"

"మొహం కూడా ఎరగను. ఆ బిల్డింగు లిఫ్టు సర్వీసు నాదే. నెలకోసారి పైన మిషన్ రూముకి వెళతా. మూడో అంతస్తులో అడుగు పెట్టిన పాపాన పోలేదు."

"తమ్ముడు చంపాడంటారా?"

"వాడు చీమని కూడా చంపడు సార్. రెండ్రోజుల్లో మీరే వదిలేస్తారు. సాక్ష్యం లేదు కదా?"

"నోట్‌బుక్ ఉంది కదా."

పెద్దోడు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు సార్. ఆ స్టేషన్ మెట్లు మాత్రం ఎక్కించకండి," అన్నాడు చివరికి.

* * *

పన్నెండూ పదిహేను. స్కిన్ క్లినిక్.

"పొడికీ మొటిమలకీ సంబంధం ఉందా డాక్టరుగారూ?"

"ఉండొచ్చు," అంది డాక్టరమ్మ. "ఇది పాలవిరుగుడు తేటలోంచి తీసే పొడి. కొందరు కుర్రాళ్ళకి దీంతో మొటిమలు ఎక్కువవుతాయి. తీపి, మైదా తిళ్ళు కూడా అంతే. కానీ అందరికీ కాదు. ఒకడు డబ్బాలకి డబ్బాలు తాగినా మొహం అద్దంలా ఉంటుంది. ఇంకొకడికి చెంచాడు చాలు. గట్టిగా ఇదే కారణమని చెప్పలేం. అందుకే మానిపించి, నోట్‌బుక్ రాయిస్తాను."

"ఇతని సంగతి?"

"మొదటి రెండు వారాలు బాగా తగ్గింది. నలభై ఒకటి నుంచి పంతొమ్మిదికి. మూడో వారం దాటాక ఒక్కసారిగా తిరగబెట్టింది. ఈసారి భుజాలు, వీపు, ఛాతీ కూడా. అది ఉత్త పొడి పనిలా లేదు. కండల కోసం వాడే హార్మోన్ మందు పనిలా ఉంది. అడిగాను. తల్లి మీద ఒట్టు వేశాడు."

"నమ్మారా?"

డాక్టరమ్మ కార్డు ఇటు తిప్పింది. ఎర్ర ఇంకుతో రాసి ఉంది: పేషెంట్ నిజం చెప్పడం లేదు.

"రోజుకి పదిమంది ఒట్టేస్తారండీ నా దగ్గర," అంది ఆవిడ. గొంతులో మాత్రం మునుపటి బిగువు లేదు.

* * *

సాయంత్రమంతా ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాడు. నలభై రెండు రోజులు. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. హెడ్ కానిస్టేబుల్ ఒక పేజీ పైకి చదివి చంపుకుతిన్నాడు.

"'అయిదు గంటలు. ఓట్స్ జావ, ఒక గిన్నె. నీళ్ళతో. రబ్బరు ఉండలు, నమిలి మింగా. తొమ్మిదిన్నర. రొట్టెలు రెండు, ఆకుకూర. పాలు లేవు. తీపి లేదు. పొడి లేదు.' అబ్బబ్బ, సన్యాసుల్లో కలవాల్సిన పిల్లాడు సార్. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, రాయడం ఒకటి, తాగడం ఒకటి."

"ఎవరికి చూపించడానికి?"

"డాక్టరమ్మకి సార్."

"డాక్టరమ్మని మోసం చేస్తే మాస్క్ అతుక్కుంటుందా? వాడికి కావాల్సింది మాస్క్ అతకడం. తన మొహాన్ని తానే మోసం చేసుకుని ఏం లాభం?"

హెడ్ కానిస్టేబుల్ ఆ పేజీ మళ్ళీ మొదటినుంచీ చదివాడు.

మర్నాడు పొద్దున అయిదుకి ఇన్‌స్పెక్టర్ తన ఇంట్లో పొయ్యి ముందు నిలబడ్డాడు. భార్యకి రోజూ పెట్టే ఓట్స్ జావే. మాట్లాడుతూ కలిపాడేమో, అక్కడక్కడా ఉండ కట్టింది. గరిటెతో నొక్కాడు. కరిగిపోయింది.

మళ్ళీ నొక్కాడు. ఇంకోటీ కరిగిపోయింది.

"ఏమైంది, అలా నిలబడిపోయారు?" అంది భార్య చెప్పులేసుకుంటూ.

"ఓట్స్‌లో రబ్బరు ఉండలు కడతాయా?"

"ఓట్స్‌లో ఎందుకు కడతాయి? పాలు విరిగితే సాగుతుంది గానీ."

ఇన్‌స్పెక్టర్ పొయ్యి ఆర్పేశాడు.

పదకొండూ పదికి లేబ్ రిపోర్టు వచ్చింది. డబ్బా పొడిలో చెడు ఏమీ లేదు. గోనెసంచి పొడిలో మాత్రం ప్రోటీన్‌తో పాటు నూరిన హార్మోన్ మాత్రలు.

* * *

మధ్యాహ్నం మూడు. స్టేషన్లో పెద్ద గది. అందరినీ పిలిపించాడు. జిమ్ ఓనరు, ఊడ్చే మనిషి, డాక్టరమ్మ, తల్లి, పెద్దోడు. కుర్రాణ్ణి సెల్‌లోంచి తెచ్చి బల్లకి ఇటుపక్క కూర్చోబెట్టారు. రెండు మెట్లు ఎక్కేసరికే తల్లికి ఆయాసం వచ్చింది.

బల్ల మీద కరెంటు పొయ్యి. రెండు గిన్నెలు. ఓట్స్ పొట్లం.

"సార్ ఇక్కడ కూడా మొదలెట్టారు," అని వెనక ఎవరో గొణిగారు.

ఇన్‌స్పెక్టర్ రెండు గిన్నెల్లో జావ కాచాడు. తొందర పడలేదు. కుతకుత ఉడుకుతుండగా రెండో గిన్నెలో మాత్రం గోనెసంచి పొడి రెండు చెంచాలు వేసి కలిపాడు. క్షణంలో తెల్లతెల్లగా ఉండ కట్టింది. గరిటెతో నొక్కాడు. కరగలేదు. సాగింది.

"తాగొద్దు. చూసి చెప్పు," అన్నాడు కుర్రాడితో. "నువ్వు నమిలి మింగింది ఇదేనా?"

కుర్రాడు వంగి చూశాడు. "ఇదే సార్. ఓట్స్ మంచివి కావేమో అనుకున్నా."

"ఇది పాలలోంచి తీసిన పొడి. మరిగే దాంట్లో వేస్తే బిగుసుకుపోతుంది. ఈ నోట్‌బుక్‌లో మొదటి పదిహేను రోజులు ఉండల మాట లేదు. పదహారో రోజు నుంచి రోజూ ఉండలే. మధ్యలో నాలుగు రోజులు మళ్ళీ లేవు. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై నాలుగు వరకు. ఆ నాలుగు రోజుల్లో మొటిమల లెక్కేమీ మారలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మొటిమ నాలుగు రోజుల్లో నిజం చెప్పదు. జావ ఆ పూటే చెబుతుంది."

ఇన్‌స్పెక్టర్ గరిటె పక్కన పెట్టాడు.

"వీడు అబద్ధం చెప్పలేదు. వీడికి తెలియకుండా వీడికి తాగించారు. అమ్మా, పొద్దుట జావ ఎవరు కాచేవారు?"

తల్లికి అడిగిందేమిటో అర్థం కాలేదు. ముఖం కాస్త వెలిగింది కూడా.

"మొదట్లో నేనే బాబూ. తర్వాత నా మోకాళ్ళు చూసి పెద్దోడే మానిపించాడు. 'నువ్వు పడుకోమ్మా, తమ్ముడికి నేను కాస్తా' అని. వాడు ఊరెళ్ళిన నాలుగు రోజులే మళ్ళీ నేను..."

అక్కడ ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆవిడ చించుకున్నానని కూడా తెలియకుండానే చించుకుంది.

"నోట్‌బుక్ మీ వంటింట్లో ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పెద్దోడి వైపు తిరిగి. "వంటింట్లోంచి దాన్ని తీసుకెళ్ళేది ఇంట్లో మనిషే. ఆ మోకాళ్ళతో అమ్మ అంత పొద్దున్నే అక్కడికి వెళ్ళే మనిషి కాదు. మొహమే ఎరగనన్న ట్రైనర్ దగ్గర పొడి ఎలా తెచ్చారు? బ్యాగు తెరవండి."

హెడ్ కానిస్టేబులే తెరిచాడు. స్పానర్లు. గ్రీజు డబ్బా. దాని కింద మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు. అడుగున ఇంకా తెల్లగా ఉంది.

పెద్దోడు ఆ కవరు కేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గోడకి చేరగిలబడ్డాడు.

"పొడి మానేశాక మూడు కిలోలు తగ్గాడు సార్. బొమ్మని మొయ్యలేక మెట్ల మీద కూలబడ్డం కళ్ళారా చూశా. లిఫ్టు బాగుచేస్తుంటే మాస్టర్ కనబడ్డాడు. 'పొడికీ మొటిమలకీ ఏం సంబంధం? డాక్టర్లు అలాగే అంటారు. స్పెషల్ సరుకుంది, జావలో వెయ్యి, తెలీదు' అన్నాడు. తెచ్చా. బొమ్మని మోశాడు సార్ వీడు. మొన్న టెస్టులోనే కాదు, వారం ముందు నుంచీ సునాయాసంగా మోశాడు. సంతోషపడ్డా."

"చంపిన రోజు?"

"పుస్తకం పట్టుకెళ్ళా. చూడు, వీడు ఏమీ తినలేదు, నీ పొడి తప్ప ఇంకేం లేదు, ఇందులో ఏముంది అని అడిగా. నవ్వాడు. 'మందు లేకుండా ఆ భుజాలు ఊరికే వచ్చాయా? మొహందేముంది, మగాడికి మొహమెందుకు' అన్నాడు. అటు తిరిగాడు. చేతికేం దొరికిందో కూడా చూడలేదు సార్. తర్వాత దాన్ని తుడిచి పరిగెత్తా, పుస్తకం మర్చిపోయా."

"రెండు రోజులు తమ్ముణ్ణి లోపల ఉంచారు."

"వదిలేస్తారనుకున్నా."

"వదలకపోతే?"

పెద్దోడు తమ్ముడి కేసి చూశాడు.

"చంపానని చెప్పడానికి భయం లేదు సార్. ఎందుకు చంపావని అడుగుతారు కదా. జావ సంగతి చెప్పాలి. వీడి ముందు."

అప్పటిదాకా కుర్రాడు గిన్నె కేసే చూస్తున్నాడు. తలెత్తాడు.

"నన్నడిగుంటే తాగేవాణ్ణి అన్నా. నువ్విచ్చావంటే ఏమిటని కూడా అడిగేవాణ్ణి కాదు. మొహం పోతే పోయేది." గిన్నె పక్కకి నెట్టాడు. "అబద్ధాలకోరు అని అమ్మ పరుపు ఎత్తి వెతుకుతుంటే, ఇటుపక్క నువ్వే కదా పట్టుకున్నావు. ఆ పరుపు."

పెద్దోడు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

* * *

నాలుగూ పదికి కాగితాలు పూర్తయ్యాయి. ఒక కొడుకు బయటికి. ఒక కొడుకు లోపలికి. తాళంచెవి మాత్రం ఒక్కటే. గోనెసంచి పొడి తాగిన తక్కిన కుర్రాళ్ళ పేర్లు రాసివ్వమని ఓనర్ని మూల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వాడు పెన్ను మూత కూడా తియ్యలేదు.

డాక్టరమ్మ కుర్రాడి దగ్గరికి వచ్చింది. "కార్డు మీద రాసింది కొట్టేస్తాను. ఫైర్ సర్వీస్‌కి ఉత్తరం రాస్తాను. మూడు నాలుగు నెలల్లో మానుతుంది. మళ్ళీ టెస్టుకి..."

"వచ్చే నెలతో ఆ ఉద్యోగానికి నా వయసు దాటిపోతుంది మేడమ్," అన్నాడు కుర్రాడు. కోపంగా కాదు. దారి అడిగినవాళ్ళకి దారి చెప్పినట్టు అన్నాడు.

తల్లి వాడి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాకా నడిచారు. వెనక నుంచి, ఊచల అవతల నుంచి పెద్దోడి గొంతు వినిపించింది.

"అమ్మా, వాడు నిన్నట్నించీ ఏమీ తిన్నట్టు లేడే. ఇంటికెళ్ళగానే ఏదైనా పెట్టు."

తల్లి వెనక్కి తిరిగింది. కుర్రాడు తిరగలేదు. మెట్టు మీద ఆగి, ఆవిడ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"పెట్టమ్మా, తింటాను," అన్నాడు. "కానీ నువ్వు వండుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడతాను."